ఎనిమిది వారాల మందు

వీరాస్వామిది కావేరిపట్టణం పక్కనున్న పల్లె. ముప్పయ్యేళ్ళు వచ్చేదాకా ఎండలో గొర్రెల వెంట తిరిగాడు. భార్య పోయాక మందను అక్క సుబ్బక్కకు అప్పగించి, 1998లో హోసూరు వచ్చి ఒక ఫ్యాక్టరీ గోడౌనులో పనికి చేరాడు. దానికి కిటికీలు లేవు. తెల్లారీ తెల్లారకముందే లోపలికి పోతే పొద్దు గుంకాకే బయటికి. ఉండేది ఒంటి గదిలో. ఆదివారమంతా నిద్రపోయేవాడు.

2006లో కాళ్ళ ఎముకలు లాగడం మొదలైంది. డాక్టరు రక్తపరీక్ష చేయించి, విటమిన్ డి బాగా తక్కువగా ఉందన్నాడు. వారానికొక పొడి పొట్లం పాలలో కలుపుకోవాలి, రోజూ ఒక కాల్షియం మాత్ర. ఎనిమిది వారాలే.

మందుల అంగడి కోదండరామయ్యది. ప్రతి శనివారం పొట్లం చేతికిస్తూ, "కాళ్ళు ఎట్లుండాయప్పా? అన్నం తిన్నావా?" అని అడిగేవాడు.

ఎనిమిది వారాలకు నొప్పి పోయింది. తొమ్మిదో శనివారమూ వీరాస్వామి అంగడికి పోయాడు.

"ఇంకా తినమన్నారా?"

"అవును సామీ."

అబద్ధమే. ఆ మాత్రం అడిగే మనిషి అతనికి హోసూరులో మరొకరు లేరు. కొన్నాళ్ళకు బుధవారాలు కూడా పోసాగాడు. కొన్న మందు పారేయడానికి మనసొప్పక తాగేవాడు.

ఏడాదిన్నర తర్వాత ఒకరోజు గోడౌనులో పెట్టె ఎత్తబోయి, నడుము పట్టుకొని కూలబడిపోయాడు. మూత్రపిండంలో రాయి అన్నారు. ఆస్పత్రిలో నర్సు నళిని కాగితం నింపుతూ, "కూడా ఎవరొచ్చినారన్నా?" అంది.

"ఎవురూ లేరమ్మా."

ఆమె ఆ గడి ఖాళీగా వదిలేసింది.

పాతవీ కొత్తవీ పరీక్షల కాగితాలు చూసి, మందు ఇంకా వాడుతూనే ఉన్నాడని విని డాక్టరు తల పట్టుకున్నాడు. "అప్పుడు తక్కువుండిన డి ఇప్పుడు మితిమీరిపోయింది. కాల్షియమంతా మూత్రంలోకి దిగతా ఉంది. నీళ్ళూ సరిగ్గా తాగవు. రాయి దీనివల్లేనని ఒట్టేసి చెప్పలేను గానీ, ఇదీ ఒక కారణమే అయ్యుంటుంది. ఎందుకు తిన్నావప్పా ఇన్ని?"

"బాగైంది కదా సార్, మంచిదే అనుకున్నా."

నాలుగో రోజు రాయి పడిపోయింది. పొడీ మాత్రలూ ఆపేశారు. ఆ శనివారం వీరాస్వామి ఊరి బస్సెక్కాడు.

"ఒక్కడివే పడుంటివా ఆడ? నాకొక మాట చెప్పి పంపకూడదా?" అని సంగతంతా విని సుబ్బక్క కళ్ళు తుడుచుకుంది.

మరునాడు ఆమెతోపాటు మంద వెంట నడిచాడు. తాను పెంచిన గొర్రెల్లో ఒక్కటీ మిగల్లేదు. ఇవన్నీ కొత్తవి, పిలిస్తే రాలేదు. సోమవారం పనిలోకి తిరిగొచ్చాడు.

కోదండరామయ్యకు అబద్ధం చెప్పిన సిగ్గుతో, ఆ తర్వాత అతను మందుల అంగడి ఉన్న వీధిలో నడవలేదు.