ఎర్రగుడ్డ కట్టిన తాడు

నీటి పరీక్షల ప్రయోగశాలలో ముప్పై ఏళ్లు పనిచేశాను గాని, తడిసిన కొబ్బరిపీచు తాడు వాసనను కొలిచే పరికరం నాకింతవరకు తారసపడలేదు. మొన్నటి ముసురులో, పద్మారావు నగర్‌లోని మా అపార్ట్‌మెంట్ వెనకనున్న పాత బావిలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూడటానికి తాడు కావాలని వాచ్‌మన్ భార్య యాదమ్మ అడిగితే, అటక మీది ట్రంకుపెట్టె దించి, అడుగున చుట్టి ఉన్న తాడును బయటికి తీశాను. ఒక చివర వెలిసిపోయిన ఎర్రగుడ్డ పీలిక ఇంకా కట్టే ఉంది. వాన తుంపర తగలగానే ఆ వాసన లేచింది.

“ఏందమ్మా గిది, చేపల బుట్టకు కట్టిండ్రా?” అంది యాదమ్మ, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని.

నా జ్ఞాపకంలో ఆ తాడు ఇరవై అడుగులు. టేపు పెట్టి చూస్తే తొమ్మిది అడుగుల నాలుగు అంగుళాలే. కాబట్టి ఇక్కడ రాస్తున్న వాటిలో నేను కొలిచి చెప్పగలిగింది ఆ పొడవు ఒక్కటే. మిగతాదంతా పదేళ్ల పిల్ల చూసిందని పాఠకులు గుర్తుంచుకోవాలి.

అండమాన్ దీవులలో, పోర్ట్‌బ్లెయిర్ నుంచి పడవలో ఒక పగలంతా ప్రయాణం చేస్తే వచ్చే చిన్న దీవి అది. శ్రీకాకుళం తీరం నుంచి వలస వచ్చిన జాలరి కుటుంబాలు అక్కడ ఊరు కట్టుకున్నాయి. వాళ్ల పిల్లలకు తెలుగు చదువు చెప్పడానికి మా నాన్నకు ఉద్యోగం వచ్చింది. బియ్యం, కిరోసిన్, ఉత్తరాలు తెచ్చే పడవ ఎప్పుడొస్తుందో సముద్రానికే తెలియాలి. అది రాని వారాలలో అమ్మ పనసకాయలాంటి సీమపనసను ఉడికించి, కొబ్బరికోరు, ఎండుమిర్చి వేసి తాలింపు పెట్టేది, దానితో కాల్చిన సూర చేప ముక్క ఉంటే అన్నం లేదన్న సంగతే మాకు గుర్తొచ్చేది కాదు. సముద్రం వెనక్కి తగ్గిన వేళ, అలల గీతలు పడ్డ తడి ఇసుక మీద, గుల్లలు మోసుకు తిరిగే పీతలకు పందేలు పెట్టేవాళ్లం. ఈస్టర్ నాటి ఉదయం తాటాకు చర్చిలో పాటలయ్యాక, ఊరంతటికీ పంచడానికి అమ్మ చేసిన కొబ్బరి బూరెల వాసన, బయట ఆరేసిన నెత్తళ్ల చేపల వాసనతో కలిసి వచ్చేది. ఈ రెండూ కలిస్తే బాగుంటుందని ఎవరికైనా చెబితే నమ్మరు. నేనూ నమ్మేదాన్ని కాదు, అక్కడ పెరగకపోతే.

ఊరికి మంచినీటి బావి ఒక్కటే. సముద్రానికి నూరు అడుగుల దూరంలో, ఇసుకలో తవ్వింది. దానికి పెద్దదిక్కు పోలమ్మవ్వ, పళ్లు ఊడిపోయిన, మొగవాళ్ల కంటే గట్టిగా తుమ్మే ముసలమ్మ. బావి తాళ్లన్నీ ఆమె పేనినవే, అన్నీ ఒకటే పొడుగు. పట్టుకునే చివర ఎర్రగుడ్డ కట్టేది. ఆ గుడ్డ బావి గట్టు తాకినా బాల్చీకి నీరు అందలేదంటే, ఇక ఆ పూటకు తోడకూడదు. సముద్రపు పోటు వచ్చి బావిలో నీరు పైకి లేచేదాకా ఆగాలి.

“ఎందుకవ్వా?” అని అడిగాను.

“కింద సంద్రం తొంగున్నాదే. బాల్చీ తగిల్తే నెగుస్తాది.”

సముద్రం పడుకోవడమేమిటి, బాల్చీ తగిలి లేవడమేమిటి! ఏ మాటనైనా చూసి గాని నమ్మవద్దని నాన్న రోజూ బడిలో చెప్పేవారు. ఆ ఏడు ఎండలు ముదిరి, ఇంటికి రెండు బిందెల నీళ్లు దొరకడమే గగనమైంది. ఒక మిట్టమధ్యాహ్నం బావి దగ్గర ఎవరూ లేని సమయం చూసి, మా తాడుకు ఇంకో రెండు బారల తాడు ముడివేసి, బాల్చీని అడుగుకు దించాను. నిండుగా వచ్చింది. తాగి చూశాను. తియ్యగా ఉంది.

ఆ సాయంత్రమే ఊరంతా తెలిసింది, ఎందుకంటే నేనే చెప్పాను. ఆడవాళ్లందరి ముందూ మళ్లీ తోడి, తాగించాను కూడా. పక్కింటి రాములమ్మ ముసలమ్మను ఆట పట్టించింది: “ఏటవ్వా, నీ సంద్రానికి ఇంకా నిద్దర తీరనేదేటి? అయ్యోరి పిల్ల నెత్తి మీద మొట్టినా నెగనేదే!”

పోలమ్మవ్వ తన బాల్చీ ఎత్తుకుని ఇంటికి నడిచింది. మర్నాటికి ప్రతి తాడూ పొడుగైంది. ఇంటింటా బిందెలు నిండాయి, ఎన్నాళ్లకో పిల్లలకు తలస్నానాలయ్యాయి, నేను నడిచిన చోటల్లా నన్ను మెచ్చుకున్నారు. తొమ్మిదో రోజో పదో రోజో, అమ్మ ఇచ్చిన టీ ఒక గుక్క తాగి నాన్న గ్లాసు కింద పెట్టేశారు. చక్కెర బదులు ఉప్పు వేశావా అని అడగబోయి, నా వైపు చూసి ఆగిపోయారు.

నా తప్పు ఏమిటో ఇప్పుడు స్పష్టంగా రాయగలను. ఒక్క బాల్చీని, ఒక్క రోజును చూసి రుజువన్నాను. ఇసుక దీవులలో వాననీరు తేలికది కనుక ఉప్పునీటి మీద పలచని పొరలా తేలి ఉంటుంది. పైనుంచి అతిగా తోడితే కిందిది పైకి ఎగదన్నుకు వస్తుంది. బాల్చీ తగిలినందువల్ల కాదు, హద్దు మీరి తోడినందువల్ల. అంటే అవ్వ చెప్పిన కారణం తప్పు, ఆమె పేనిన తాడు ఒప్పు.

తిడతారనుకున్నాను. పోలమ్మవ్వ బావి మీద కొబ్బరాకుల తడకలు కప్పించి, తాళ్లన్నీ తన ఇంట్లో పెట్టుకుని, నన్ను పిలిచి కొబ్బరిచిప్ప చేతికిచ్చింది. “రోజూ ఓ సిప్ప తోడి నోట్లో ఎయ్యి. ఉప్పో, సప్పో నువ్వే సెప్పాల. నీ నాలుకే ఈ బావిని తెరిసింది, నీ నాలుకే ముయ్యాల, మల్లీ తెరవాల.”

అప్పటి నుంచి ఆడవాళ్లంతా అడవిలోని వాగు దాకా నడిచి నీళ్లు మోసుకొచ్చారు. అమ్మ అరికాళ్లు పగిలాయి. నిండు నెలలతో ఉన్న రాములమ్మ బిందె దించుకుని, చిప్పతో నిలబడ్డ నా ఎదుట చతికిలబడింది. “తగ్గినాదని సెప్పెయ్యే తల్లీ. కూసింత ఉప్పుంటే ఏటవుతాది?” ఆ రోజు అబద్ధం నా నాలుక చివరిదాకా వచ్చింది. తగ్గిందంటే ఆమె నడక తప్పుతుంది, నా తప్పూ తగ్గినట్టే ఉంటుంది.

“ఉప్పే” అన్నాను. ఆమె లేచి, నన్ను చూడకుండా వెళ్లిపోయింది. మర్నాటి నుంచి ఆమె బిందె కూడా అమ్మే మోసింది. చిన్న చెంబుతో నేను వెనకాల నడిచాను.

మే నెలలో వానలు వచ్చాయి. తాటాకు కప్పుల కింద గంగాళాలు నిండాయి, రాములమ్మకు ఆడపిల్ల పుట్టింది, బావి మాత్రం ఉప్పగానే ఉంది. ఇంకొన్ని వారాల వానల తర్వాత ఒక ఉదయం నోటికి ఉప్పు తగల్లేదు. నా నాలుకను నేను నమ్మలేదు. మూడు చిప్పలలో వాగు నీరు, వాననీరు, బావి నీరు పోసి, ఏది ఏదో చెప్పకుండా పోలమ్మవ్వ ముందు పెట్టాను.

“అయ్యోరి కూతురికి నీల్లు తాగడానిక్కూడా పరీచ్చే!” అని నవ్వి, మూడూ తాగి, మూడో చిప్పను ఛాతీకి ఆనించుకుంది. “ఇది మన బావిదే. తెరిపించండి.”

మేము దీవి వదిలిన రోజు ఆమె ఇచ్చిందే ఈ తాడు. ఇప్పుడామె లేదు. తాటాకు చర్చి లేదు. ఊరికి గొట్టం నీళ్లు వచ్చాయట, బావి పూడిపోయిందట. నేను చూడలేదు కనుక ‘అట’ అనే రాస్తున్నాను.

ఇక్కడ, మా అపార్ట్‌మెంట్‌లో, బోరు ఎండినప్పుడు, ఇంకా లోతుకు వేయిద్దామన్న వాళ్లే ఎక్కువ. చెత్తతో నిండిన పాత బావిని బాగుచేయించి, డాబా మీది వాననీరంతా అందులోకి మళ్లించడానికి వాళ్లను ఒప్పించేసరికి నాకు రెండు వేసవులు పట్టింది. మా బావికి అవ్వ తాడు చాలదు. చిన్నప్పటిలాగే దానికి ఇంకో తాడు ముడివేశాను, ఈసారి తోడటానికి కాదు, కొలవడానికి. రెండో రోజు యాదమ్మ చివర రాయి కట్టి, అడుగు తాకేదాకా దించి, తడిసిన మేర చేత్తో కొలిచి అరిచింది: “అమ్మా, నిన్నటికి ఇయ్యాలకు జానెడు పైకొచ్చినయ్!”

“మళ్లీ దించి చూడు.”

“మీతోని పరేషానే” అని గొణుగుతూ, తాడును పొడిగా తుడిచి, మళ్లీ దించింది.

జానెడే.