బ్యాండు వెనక వచ్చేది

నిన్న పక్కింటావిడ ఇత్తడి బిందెను చింతపండుతో తోముతుంటే, ఆ వాసనకు మా ఊరు డోర్నకల్ గుర్తొచ్చింది. పెళ్లిళ్లలో బాకా ఊదే మా నాన్న, మేం అబ్బా అనేవాళ్లం, తన బాకాను అలాగే తోమేవాడు.

తెలంగాణ ఉద్యమం రోజులవి. మర్నాడు రైల్ రోకో. ఆ సాయంత్రం, ఊళ్లో దిగిన పోలీసు బలగాల బ్యాండు మా బజారు గుండా వచ్చింది. తెల్లటి చేతితొడుగులు, ఒక్కటిగా పడే బూట్లు, సినిమా పాటలు. పిల్లలం చప్పట్లు కొట్టాం. పెద్దలు చేతులు కట్టుకుని గుమ్మాల్లో నిలబడ్డారు.

"మంచిగ కొడుతున్నరు గద అబ్బా," అన్నాను.

"మంచిగనే కొడుతున్నరు బేటీ. గని బ్యాండ్ ముంగట పోతున్నదంటే ఎనుక ఎవరో వస్తున్నట్టే."

చెప్పింది నాకే అయినా, అబ్బా చూస్తున్నది మా అన్నను.

నాకు తెలిసి బ్యాండు వెనక వచ్చేది గుర్రమెక్కిన పెళ్లికొడుకే. గుర్రం కోసం బజారు చివరిదాకా ఉరికాను. కిటికీలకు ఇనుప జాలీలున్న ఖాళీ వ్యాన్లు మెల్లగా వచ్చాయి. వాటికీ చప్పట్లు కొట్టాను.

మర్నాడు పట్టాల మీద కూర్చున్న మా అన్న, ఆ జాలీల్లో ఒకదాని వెనక కనిపించాడు. ఈసారి ముందు బ్యాండు లేదు.

ఇప్పటికీ ఏ ఊరేగింపు ఎదురైనా పాట నాకు వినబడదు. దాని వెనక ఏముందో చూసేదాకా చేతులు కట్టుకునే ఉంటాను.