వెర్లీన్ పెద్దమ్మ కూర్చోలేదు

అమెరికాలోని జార్జియాలో మా మేకన్ ఊళ్లో ఏ ఇంట బాలింత ఉన్నా వెర్లీన్ పెద్దమ్మకు కాలు నిలవదు. ముప్పై ఏళ్లు స్కూలు బస్సు తోలిన మనిషి. తన కూతురు పురుడైన తొమ్మిదో రోజున తలనొప్పి అంటే ఆసుపత్రివాళ్లు మాత్ర ఇచ్చి పంపేశారు. బీపీ పెరిగి మర్నాటికి ఆ కూతురు లేదు. అప్పటినుంచి బీపీ మిషను సంచిలో వేసుకుని తిరుగుతుంది.

మా చెల్లెలు కెజయా బిడ్డను కన్న ఐదో రోజున పెద్దమ్మ మా ఇంటికొచ్చింది.

"తల పగిలిపోతోంది పెద్దమ్మా. ఆసుపత్రికి ఫోన్ చేస్తే నిద్ర చాలకనే అన్నారు," అంది కెజయా.

మిషను నూట డెబ్బై చూపించింది.

"నిద్ర తర్వాత పోదువుగాని. చెప్పులేసుకో, బస్సు ఆగదు," అంది పెద్దమ్మ, బడిపిల్లల్ని తొందరపెట్టినట్టే.

ఆసుపత్రిలో నర్సు మమ్మల్ని కూర్చోమంది. మాలాంటి నల్లజాతి ఆడది నొప్పి అంటే అక్కడ సగమే నమ్ముతారు.

"పోయినసారి మీ మాట విని ఇంటికెళ్లాను. డాక్టరు వచ్చి ఈ అంకె చూసేదాకా ఇక్కడే నిలబడతాను," అంది పెద్దమ్మ, గొంతు పెంచకుండా.

అరగంటకు డాక్టరు వచ్చాడు, చూసి కెజయాను వెంటనే లోపలికి తీసుకెళ్లాడు. ఇంకాస్త ఆలస్యమైతే ఫిట్స్ వచ్చేవన్నాడు.

నాలుగో రోజు చెల్లెలు ఇంటికొచ్చింది. ఆ మాట చెబుదామని వెళ్తే పెద్దమ్మ ఇంటికి తాళం. పై వీధిలో ఇంకెవరో ప్రసవించారట.