నురుగెవరిది

మంగళగిరిలో మా ఇంటి వెనక వసారాలో నూలుకు రంగు వేసే తొట్టి ఉంది. మా అన్నం దానిలోనుంచే వస్తుంది. ఆ నీళ్లూ, స్నానాల నీళ్లూ, అంట్ల నీళ్లూ అన్నీ ఒకే కాలవలో పడతాయి. పక్క వీధిలో ఒకాయన తొట్టిని రంగునీళ్లు కాలవలో కలుస్తున్నాయని నెల కిందటే కాలుష్యం ఆఫీసు వాళ్లు వచ్చి ఆపించారు. అందుకే ఒక కాలేజీ అమ్మాయి కాగితాలూ, చిన్న కాటా పట్టుకుని మా గుమ్మంలో నిలబడేసరికి ఆ ఆఫీసు మనిషేననుకున్నాను. మెడలో కార్డు కూడా తిరగబడి ఉంది.

"ఇళ్లల్లో వాడే సబ్బులూ షాంపూల నుంచి కాలవల్లోకి ఎంత రసాయనం పోతుందో అంచనా వేస్తున్నామండీ" అంది. మాట మెత్తగానే ఉంది. కళ్లు మాత్రం నా భుజం మీదుగా వసారాలోకి పోతున్నాయి.

సబ్బులూ షాంపూలూ ఏమీ వాడమంటే పీడా పోతుందనుకున్నాను.

"ఒంటికేం వాడతారండీ?"

"సున్నిపిండి."

"తలకి?"

"కుంకుడుకాయలమ్మా."

"గిన్నెలకి?"

"బూడిద."

మంచం మీద వక్క నములుతున్న మా అత్తగారు కిసుక్కున నవ్వారు. "గ్యాసు పొయ్యిలో బూడిదెక్కడిదే? నీ అబద్ధం తగలెయ్య!"

"మీరు ఊరుకోండి అత్తయ్యా."

ఆ అమ్మాయి నవ్వలేదు. అన్నిటికీ సున్నాలు చుట్టి, వెనక్కెళ్లి కాలవ చూసి వచ్చింది.

"మరి నురుగు ఇంతుందేంటండీ? ఇంట్లో ఏమీ వాడకపోతే అదంతా రంగు తొట్టిదేనని రాసుకోవాల్సొస్తుంది."

నా నోటితో నేనే తొట్టిని పట్టించబోయాను. ఆ పిల్ల ఉన్నమాట చెప్పిందో, నాచేత నిజం కక్కించడానికి అందో ఇప్పటికీ తేల్చుకోలేను.

అన్నీ బయటికి తెచ్చాను. షాంపూ పొట్లాలు, బట్టల పొడి, అంట్ల సబ్బు, ఫినాయిలు, ఆఖరికి అత్తగారి దిండు కింది పౌడరు డబ్బా.

"నా పౌడరు కూడా కాలవలోకి పోతుందటే?"

"ముందు మొహానికి, తర్వాత కాలవకేనండి మామ్మగారూ" అంది ఆ అమ్మాయి, డబ్బా కాటా మీద పెడుతూ.

మనిషికో షాంపూ పొట్లం అని రాస్తుంటే ఆపాను. మా ఇంట్లో ఒక పొట్లం ఇద్దరికి. ఖాళీ పొట్లంలో నీళ్లు పోసి గిలకొట్టి, దాంతో దువ్వెనలు కడుగుతాం. కొట్టేసి మళ్లీ రాసుకుంది.

చివర్న సంతకం చెయ్యమంది. నేను కూడబలుక్కుని చదవగలను గానీ, ఆ రోజు ఒక్కో వరసా చదివించుకున్నాను. అడుగున 'ఇతరములు' అన్న గడి ఖాళీగా ఉంది.

"ఇదేంటమ్మా?"

"అక్కడేం రాయనండీ. తొట్టి ఇంటి వాడకం కిందికి రాదు."

"రానప్పుడు గీత కొట్టు. ఖాళీగా ఉంటే రేపు ఎవరైనా నింపుకోవచ్చు."

అప్పుడు నవ్వింది. గీత కొట్టింది.

"ఈ చివర నుంచి ఆ చివరకి తగలాలి" అన్నాను. మళ్లీ కొట్టింది. అప్పుడు పెట్టాను సంతకం.