మెత్తని సంచికి రెండో అడుగు

జంబో సంచులు కుట్టే ఆ కార్ఖానాలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. చేతిలోదీ సూదే, నోట్లోదీ సూదే కాబట్టి అందరూ పెద్దసూది అనేవారు. పెళ్లయిన కొత్తలో మిషను ముందు కూర్చున్న మనిషి, మనవరాలు బడికి వెళ్లే వయసొచ్చినా అక్కడి నుంచి లేవలేదు.

ఒక్కో సంచి మనిషెత్తు ఉంటుంది. గుడ్డేమో ప్లాస్టిక్ పట్టీలతో నేసిన బరక గుడ్డ. కోసిన చోటల్లా పోగులు ఊడిపోతాయి. అందుకని అంచు మడవాలి, మళ్లీ మడవాలి, మూలమూలకీ ఎత్తే పట్టీ పెట్టి కుట్టాలి. కుడి భుజంతో తోస్తేగాని ఆ బరువు సూది కిందికి పోదు. ఇంటికెళ్లాక జడ వేసుకుందామంటే చెయ్యి పైకి లేచేది కాదు.

అలాంటి రోజుల్లో యజమాని కొత్త గుడ్డ తెచ్చాడు. దానికి నేతా లేదు, పోగూ లేదు. దూదిని అదిమి దుప్పటి చేసినట్టుంది. కత్తెర పెడితే అంచు చెదరదు. మడత పనే లేదు.

"రెంటితోనూ ఒక్కో సంచి కుట్టమ్మా. సుద్దపొడి నింపి వేలాడదీద్దాం. కొత్తది చిరక్కుండా ఆగిందంటే ఇకమీదట అదే" అన్నాడు.

పక్క మిషనామె ఆ గుడ్డను చెంపకు రాసుకుంది. "వదినా, ఇది గెలిస్తే మన భుజాలు బతికిపోతాయి. కాస్త గట్టిగా కుట్టు."

"గుడ్డలో లేని గట్టితనం కుట్టులో ఎక్కణ్ణుంచి వస్తుందే, నీ మొహం!"

అలా కసిరిందే గానీ, ఎవరూ చూడకుండా ఇంకో ముక్క కోసి కొత్త సంచి అడుగున రెండో పొర వేసేసింది. పైకి ఏమీ తెలియదు.

నేసిన సంచి ఎప్పట్లాగే ఆగింది. తర్వాత మెత్తనిదాన్ని కొక్కేలకు తగిలించి నింపారు. కాస్త సాగింది, గున్న ఏనుగులా ఊగింది, నిలబడింది. యజమాని మొహం వెలిగిపోయింది. "ఇంకేం, రేపటి నుంచి ఇదే! పొడి దించెయ్యండి."

దించేది ఆమె మొగుడే. వేలాడే సంచి కిందికి వంగి దూరి, మెడ సాచి, అడుగుమూతి తాడు విప్పడమే ఎప్పటి నుంచో అతని పని. పెద్దసూదికి అది తెలియనిది కాదు. అంతదూరం ఆలోచించే తీరిక ఆ పూట భుజం నొప్పి ఇవ్వలేదు, అంతే. ఇప్పుడా మెడ కనిపించింది. ఈ సంచి ఆగుతుంది. రేపటి సంచులకు రెండో అడుగు ఎవరు వేస్తారు?

"ఏమయ్యా, ఇవతలికి రా!"

"ముడి సగం విప్పానే..."

"రమ్మన్నానా!" అని అరిచి, యజమాని వైపు తిరిగింది. "సారూ, దాని అడుగు రెండు పొరలు. నేనే వేశాను."

"ఎందుకమ్మా?"

"భుజం నొప్పి సారూ."

ఆయన ఒంటి పొరతో మళ్లీ కుట్టించాడు. ఈసారి అందరూ దూరంగా నిలబడ్డారు. సంచి నిండక ముందే కుట్టు పక్కనుంచి బర్రున చిరిగి, పొడి మేఘంలా లేచింది. యజమాని కళ్లద్దాలు తుడుచుకుంటూ, "బరకదే కానివ్వండి" అని లోపలికి వెళ్లిపోయాడు.

"నోరు కట్టేసుకుంటే నీకేం పోయేది వదినా?" అంది పక్క మిషనామె ఏడుపు గొంతుతో.

"మా ఆయన పోయేవాడు."

ఇంటిదారిలో మొగుడి కనుబొమల నిండా సుద్దే. "అయితే సంచి నా నెత్తినేద్దామనుకున్నావన్నమాట."

"పొద్దున నువ్వు గుర్తే రాలేదయ్యా. భుజమొక్కటే గుర్తుంది."

"పోనీలే, అబద్ధమైతే చెప్పలేదు" అని నవ్వబోయి దగ్గాడు. ఆ తర్వాత ఇద్దరూ కాళ్లీడ్చుకుంటూ నడిచారు.

మర్నాడు ఆమె బరక గుడ్డ ముందేసుకుని కూర్చుందో లేదో, అతను చినిగిన మెత్తని సంచిలోంచి ఒక ముక్క కోసుకొచ్చాడు. మడిచి, ఆమె కుడి భుజం మీద పైట కింద పెట్టాడు.

"ఎన్ని పొరలు పెట్టావు?" అంది తల తిప్పకుండా.

"నాలుగు."

"మోస్తుందా?"

"దీని కింద నేను లేనుగా. మోయకపోయినా ఫర్లేదు."

ఆమె సంచి అంచు మడిచి, మళ్లీ మడిచి, భుజంతో తోసింది. నొప్పి అక్కడే ఉంది. కాకపోతే కాస్త మెత్తగా తగిలింది.