నెట్టు నడుమ వేడి

ఆత్మకూరు ధాన్యం వ్యాపారి మల్లికార్జునానికి అనుమానం తప్ప వేరే జబ్బేదీ లేదు. ఉదయగిరి బస్సెక్కే ముందు బోర్డు చదువుతాడు, కండక్టర్ను అడుగుతాడు, ఎక్కాక పక్కవాణ్ణి అడుగుతాడు. తీరా ఉదయగిరి కొండ కనిపిస్తే, "అదేనంటావా?" అంటాడు. ఎవరేం చెప్పినా ఆయనది ఒకటే ప్రశ్న: "ఎవరు చూసినారు?"

అలాంటి మనిషి గోడౌన్లో ఎం.టెక్ ప్రాజెక్టు పెట్టుకోవడం తమ్ముడి కూతురు అనుపమ ఖర్మ. ధాన్యం బస్తాలను ఒకదాని మీద ఒకటి పేర్చి నెట్టు కట్టిన చోటల్లా చుట్టూ థర్మామీటర్లు గుచ్చింది. వేడి ఎలా పాకుతుందో చెప్పే అవకలన సమీకరణాన్ని తన కంప్యూటర్లోని న్యూరల్ నెట్‌వర్క్‌కు నేర్పింది. బస్తా కదపకుండానే నెట్టు నడుమ ఎంత వేడి ఉందో అది చెప్పాలి.

"లోపలికి పోకుండా లోపలి సంగతి చెబుతాదా?"

"లెక్క కట్టి చెబుతాది పెదనాయనా."

"లెక్క సరే. ఎవరు చూసినారు?"

మిగతా నెట్లకు లెక్క చక్కగా కుదిరింది. గోడవారనున్న నెట్టు దగ్గర మాత్రం మొండికేసింది. నడుమ ఏదో వేడి పుట్టిస్తోందని తప్ప మరో మాట చెప్పదు. అనుపమకు ఎటైనా చిక్కే. లెక్క తప్పయితే సోమవారం గైడు ప్రాజెక్టును తిప్పికొడతాడు. ఒప్పయితే పెదనాయన ధాన్యం లోపల తడిసి, వేడెక్కి కుళ్ళుతున్నట్టే.

"నెట్టు విప్పి చూద్దాం పెదనాయనా."

"వద్దు. నీ కంప్యూటర్ మీదే నాకు అనుమానంగా ఉండాది."

"అందుకే చూద్దామంటున్నా."

"చూడాల్సిన పన్లేదు."

పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. అనుపమకు అనుమానం పట్టుకుంది. ఆ వంశమేగా మరి. ఆలోచిస్తే అన్నీ తేడాగానే కనిపించాయి. లారీ వస్తే, "రేటు తేడాగా ఉండాది" అని ఆ ఒక్క నెట్టునే అమ్మలేదు. ఇంట్లో పాలు తగ్గుతున్నాయని పెద్దమ్మ రాఘవమ్మ మొత్తుకుంటే, "గిన్నె కారతా ఉందేమో" అన్నాడు.

ఆయన భోజనానికి వెళ్ళగానే హమాలీ ఓబులయ్యతో పై బస్తాలు తీయించింది. నడుమ సందులో గోనెపట్ట మీద పిల్లి. దాని పొట్టకు కరుచుకుని, ఇంకా కళ్ళు తెరవని నాలుగు పిల్లలు. పక్కనే, గోడవైపు సందులోంచి లోపలికి జరిపిన పెద్దమ్మ పాలగిన్నె.

"మెల్లగా. బెదురుతాది," అన్నాడు వెనకనుంచి మల్లికార్జునం. అన్నం సగంలో వదిలి వచ్చినట్టున్నాడు, చెయ్యి ఇంకా ఎంగిలిగానే ఉంది.

అనుపమకు నవ్వాగలేదు. "అయితే నా లెక్క ఒప్పేగదా?"

ఆయన పిల్లిని చూశాడు, కంప్యూటర్ను చూశాడు, మళ్ళీ పిల్లిని చూశాడు.

"సోమవారం మీ సారు 'ఎవరు చూసినారు' అంటే నా పేరు చెప్పు. కావాలంటే వచ్చి సాక్ష్యం చెబుతాను." గొంతు తగ్గించాడు. "మీ పెద్దమ్మ అడిగితే మాత్రం, ఎవరూ చూళ్ళేదు."