మా బావ నొక్కిన పాట

మొన్న ఎండకాలం గోదావరిఖనిల, మా గల్లీల ఉండే లక్ష్మక్క మొదటి పాటను మా ఇంట్లనే రికార్డు చేసినం. మిక్సింగ్ మా బావది. నాలుగు వీడియోలు చూసి, మెషిన్లే లేచి తనకు దండం పెట్టాలన్నట్టు కూసునే మనిషి. పెద్ద సప్పుడును అణిచే కంప్రెసర్‌ను పాట మొత్తం మీద గట్టిగ పెట్టిండు. "ఎక్కువైంది బావా, జర తగ్గియ్యి" అన్న. "ఏడోది దాటనోనివి, నీకేం తెలుసురా" అన్నడు.

ఆదివారం బాక్సులు పెట్టి గల్లీ అందరి ముంగట పాట ఏసినం. అక్క కొత్త చీర కట్టుకొని వచ్చింది. ఆమె గొంతెత్తే అసలు జాగల పాటంత బావిల పడ్డట్టు మునిగి, మెల్లగ తేలింది. "నేను గంత ఘోరంగ పాడిన్నా తమ్ముడూ?" అని అక్క తల దించుకున్నది. బావేమో స్పీకర్ ఖరాబన్నడు.

ఇంటికొచ్చి వింటే, సరిగ్గ ఆ జాగల ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిల బ్లాస్టింగ్ సప్పుడు రికార్డయి ఉన్నది. రోజూ వినే మాకు అది చెవికే ఎక్కదు. కంప్రెసర్ ఈ ఊరిది కాదు గదా, బెదిరి పాట మొత్తాన్ని అణగదొక్కింది. కంప్రెసర్‌ను తీసేసి గల్లీ అందరికి మళ్ల వినిపిస్తే అక్క గొంతు నిటారుగ నిలవడ్డది, ఆమె మొఖం గూడ లేచింది. బ్లాస్టింగ్ పాటల అట్లనే ఉన్నది, గల్లీల ఒక్కలకు గూడ వినపడలే. మా బావకైతే ఇప్పటికీ స్పీకరే ఖరాబు.